ఏడో దిమ్మె దగ్గర కామేశ్వరి మేడమ్

మా ఫ్లాటు పైన ఉండే కుర్రాడు కుళాయిని కట్టడు, కొడతాడు. స్నానం అయిందో లేదో ఒక్క విసురుతో పిడి తిప్పేస్తాడు. ఆ మరుక్షణం మా వంటింటి గోడలో గొట్టం ధడేల్‌మంటుంది, అరలో స్టీలు గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. మా ఆవిడ పైకప్పు వైపు చూసి తిడుతుంది. నేను మాత్రం నాకు తెలియకుండానే గడియారం వైపు చూస్తాను, ఎన్ని సెకండ్లలో కట్టాడా అని. పరిగెడుతున్న నీటిని హఠాత్తుగా ఆపితే అది ఊరుకోదు, వెనక్కి తిరిగి గొట్టాన్ని గుద్దుతుంది. మా ఇంజినీర్లు దాన్ని వాటర్ హామర్ అంటారు. ఆ గుద్దు విన్న ప్రతిసారీ ఈ విశాఖపట్నం అపార్టుమెంటు మాయమైపోయి, జి.మాడుగులలో రేకుల కప్పు ఆఫీసు, అందులో కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చున్న కామేశ్వరి మేడమ్ కనిపిస్తారు.

ముందే ఒక మాట చెప్పాలి. నన్నెరిగినవాళ్ళు నేను చెప్పేదానిలో సగం తీసేసి మిగతా సగం నమ్ముతారు. అది న్యాయమే. అయితే మేడమ్ గురించి చెప్పినప్పుడు ఆ కోత అక్కర్లేదు. జలగల గురించి చెప్పినప్పుడు మీ ఇష్టం.

తొంభైల చివర్లో నాకు ఆ ఉద్యోగం వచ్చింది. కరెంటు తీగలు ఎక్కలేని కొండల్లో, గెడ్డల మీద చిన్న చిన్న జల విద్యుత్ కేంద్రాలు కట్టే ఆఫీసు మాది. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. పైన గెడ్డకి చిన్న అడ్డుకట్ట వేసి, నీటిని ఇనుప గొట్టంలో కొండ కిందికి దించి, అడుగున చక్రం తిప్పితే ఊరికి సరిపడా కరెంటు వస్తుంది. చెప్పడానికి ఇంతే. మా మొదటి ఊరు గెడ్డపుట్టు, ముప్పై గడపలు. మా అధికారి కామేశ్వరి మేడమ్. బొబ్బిలి మనిషి. డొంకరాయి వైపు పెద్ద జల విద్యుత్ కేంద్రాల్లో ఏనుగులు దూరేంత గొట్టాల మధ్య పనిచేసి వచ్చిన ఇంజినీరు. నేత చీర, కాళ్ళకి కాన్వాసు బూట్లు, చేతిలో వానకీ ఎండకీ కాకుండా వేలికి బదులు చూపించడానికి వాడే నల్ల గొడుగు, సంచీలో ఎప్పుడూ జంతికలు. కొండ ఎక్కేటప్పుడు ఆవిడ వెనకాల నేనుండేవాణ్ణి. ఆవిడ పైకి చేరి జంతికలు తినేసి దులుపుకున్నాక నేను చేరేవాణ్ణి.

నేను చేరిన నెలకే పై ఆఫీసు నుంచి ఒక సీడీ వచ్చింది. గొట్టంలో నీటిని హఠాత్తుగా ఆపితే ఎక్కడెక్కడ ఎంత ఒత్తిడి పుడుతుందో గొట్టం వేయకముందే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అది. దానికి రెండు గుమ్మాలుండేవి. ఒకటి బొమ్మల గుమ్మం. మౌసుతో గొట్టం గీయాలి, వాల్వు తెచ్చి అంటించాలి, మీట నొక్కాలి. ఒత్తిడి ఎక్కువైన చోట ఎరుపు, తగ్గిన చోట నీలం. తెర నిండా సంతలో రిబ్బన్ల దుకాణం. రెండోది రాతల గుమ్మం. నల్లటి తెర మీద వరసకో సంగతి చొప్పున అంకెలు టైపు చేసుకుపోవాలి. నేను ఏ గుమ్మంలోంచి దూరానో చెప్పనక్కర్లేదు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, రిబ్బన్లంటే ఇష్టం.

ఒక్క పూటలో గెడ్డపుట్టు గొట్టం మొత్తం గీసేసి, మేడమ్‌ని పిలిచి చూపించాను. ఆవిడ గొడుగు మొనతో తెరని తాకకుండా తాకుతూ చూశారు.

"బాగుందయ్యా. వాల్వు ఎన్ని సెకండ్లలో కట్టమంటావు?"

"తొమ్మిది, మేడమ్."

"ఏం, ఎనిమిదికి ఏటయింది?"

"ఎనిమిదికి ఎరుపొచ్చింది మేడమ్."

"ఎక్కడొచ్చింది?"

ఎక్కడో వచ్చింది, నా కళ్ళతో చూశాను. అది వెతుకుతూ ఉండగానే కరెంటు పోయింది. కరెంటు పుట్టించడానికి పుట్టిన ఆఫీసులో రోజుకి ఆరుసార్లు కరెంటు పోయేది. గీసినదాన్ని నేను సేవ్ చేసుకోలేదు కాబట్టి, మధ్యాహ్నం కరెంటు వచ్చాక మళ్ళీ మొదటినుంచీ గీశాను. అదే గొట్టం, అదే వాల్వు, అదే నేను. ఈసారి పదకొండు సెకండ్లు వచ్చింది.

మేడమ్ జంతిక కొరుకుతూ అన్నారు. "పొద్దున్న తొమ్మిది, మధ్యాహ్నం పదకొండు. టీ తాగే వేళకి ఎంతవుతాదో మరి."

ఎక్కడో ఒక బిందువు మౌసుతో పాటు జరిగింది. పొద్దున్న జరిగిందా మధ్యాహ్నం జరిగిందా అన్నది ఈ రోజుకీ నాకు తెలీదు. తిడతారనుకుని తల దించుకున్నాను. ఆవిడ తిట్టలేదు, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "నువ్వు అబద్ధం ఆడలేదు రమణా. నీ చెయ్యి ఎటు వెళ్ళిందో నీకు గుర్తులేదు, అంతే. చేతికి జ్ఞాపకం ఉండదు. అందుకే రాయాలి."

అలా నన్ను చెవి పట్టుకుని రాతల గుమ్మంలోకి తీసుకెళ్ళారు. అందులో ఆవిడకి ఒక అలవాటు ఉండేది. వరస చివర ఒక నక్షత్రం గుర్తు పెడితే ఆ తరవాత రాసినదాన్ని మిషను చదవదు. ఆ చోటు మనుషులదని ఆవిడ సిద్ధాంతం. ప్రతి అంకె పక్కనా అది ఎవరు చెప్పారో, వాళ్ళకెలా తెలుసో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు టైపు చేసేవారు. 'గొట్టం మందం నాలుగు మిల్లీమీటర్లు. తుప్పు గీకి నేనే కొలిచాను.' 'ఎండాకాలంలో గెడ్డ మోకాలి లోతు. ఊరి పెద్ద సుక్రు మాట. మోకాలు అతనిది, నాది కాదు.' మిషనుకి అక్కర్లేని ఆ మాటల కోసం ఆవిడ అంకెల కన్నా ఎక్కువసేపు ఆలోచించేవారు.

"బొమ్మ ముద్దొస్తాది. ముద్దొచ్చినదాన్ని ఎవడూ నిలదీయడు. అదే అంకె పక్కన పేరుంటే, ఎవడైనా ఆ పేరుగలవాణ్ణి పిలిచి ఎందుకూ అని అడుగుతాడు," అనేవారు. నాకప్పుడు ఇది మౌసు పట్టడం రానివాళ్ళ సాకులా కనిపించింది. కానీ వాల్వు సమయం ఒక్కటి మార్చి, మిగతాదంతా కదలకుండా, నలభైసార్లు లెక్క నడిపి నలభై జవాబులు వరసగా అచ్చు తీసినప్పుడు నోరు మూసుకున్నాను. నలభైసార్లు మౌసు నొక్కి ఉంటే నలభై రకాల తప్పులు చేసి ఉండేవాణ్ణి.

ఇక కొలతలు. గొట్టం కింద ఆసరాగా పన్నెండు కాంక్రీటు దిమ్మెలు. ఒక్కొక్క దిమ్మె ఎంత ఎత్తున ఉందో లెక్కకి కావాలి. తాపీ మేస్త్రీలు మట్టం చూడ్డానికి వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస నేనూ, రెండో కొస గెడ్డపుట్టు పెద్ద పాంగి సుక్రూ పట్టుకుని, వానలో కొండ దిగాం. సుక్రుకి మా పద్ధతి చూస్తే నవ్వాగేది కాదు. వాళ్ళు గెడ్డ నీటిని పొలం మళ్ళకి తెచ్చుకునేటప్పుడు తాడు లాగరు, కర్ర పాతరు. చిన్న కాలవ మొదలుపెట్టి, కాసిని నీళ్ళు వదిలి, అవి ఎటు నడిస్తే అటు పార పట్టుకుని వెనకాల నడుస్తారు.

"నీరుకి తెలవదేటి సారూ ఎటేపు ఎల్లాలో? దాని ఎనకాల మనం ఎల్లాలి గానీ. మీరు దాన్ని గొట్టంలో బందీసేసి అడగతన్నారు," అన్నాడు సుక్రు.

ఆ వానలో నా బూట్లలో దూరిన జలగలు సర్వే పూర్తయ్యేదాకా దిగలేదు. వాటిలో ఒకటి నాతోపాటు హాజరు పట్టీలో సంతకం కూడా పెట్టేది. సరే, సుక్రు పట్టుకున్నాడు, నేను చూసి నోటు పుస్తకంలో రాశాను. నా చేతిరాత మీద నమ్మకం లేక ఎదురుగా కూర్చోబెట్టుకుని నాచేత చదివించుకుని, మేడమ్ స్వయంగా టైపు చేశారు. లెక్క వచ్చింది. ఎనిమిది సెకండ్లలో వాల్వు కట్టినా గొట్టానికి ఏమీ కాదు. కాగితాలు పైకి వెళ్ళాయి, ఆమోదమై వచ్చాయి. గొట్టాలు బిగించారు. నీళ్ళు వదిలే రోజు ఖాయమైంది. పై ఆఫీసు పెద్దలు వస్తారని, దండలు తేవాలని కబురు.

వారం ముందు మేమిద్దరం ఊళ్ళోకి చెప్పడానికి వెళ్ళాం. ఊరంతా కళ్ళంలో కూచుంది. సుక్రు అప్ప బుద్రి లేచింది. అప్ప అంటే మా ఉత్తరాంధ్రలో అక్క. అరవై ఏళ్ళ మనిషి, ఎముకల మీద చర్మం, కళ్ళు మాత్రం సూదులు. గొట్టం ఏడో దిమ్మె దగ్గర మలుపు తిరిగి నిట్టనిలువుగా దిగుతుంది. ఆ మలుపు కిందనే ఆమె ఇల్లు.

"మీ గొట్టానికి ఏటన్నా అయితే ముందు తడిసేది నా పొయ్యి. ఎందుకు పగలదో నాకు సూపించండి," అంది.

మేడమ్ ఆ ప్రశ్నకి సంతోషించారు. సంచీలోంచి తన రాతల అచ్చు తీసి, అంకె, దాని పక్కన పేరు, ఒక్కొక్క వరసా చదవడం మొదలుపెట్టారు. మర్యాదస్తులు, అందరూ విన్నారు. మూడో పేజీ దగ్గర ఒక కోడి లేచి వెళ్ళిపోయింది. అయిదో పేజీ దగ్గర సుక్రు కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, ఇనడానికి బాగుంది గానీ నాకేటీ కనిపించట్లేదు," అంది బుద్రి.

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. "మేడమ్, ఆ రాతల నుంచే సాఫ్ట్‌వేర్ బొమ్మ గీస్తుంది. తెచ్చి చూపిద్దామా?"

ఆవిడ కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు. "తీసుకురావయ్యా, నీ రిబ్బన్ల దుకాణం."

ఆ ఊళ్ళో కంప్యూటరు పెట్టడానికి కరెంటెక్కడిది? అంచుల్లో కన్నాలుండి, మడతలు మడతలుగా వచ్చే పొడుగు కాగితం మీద, కీచుకీచుమనే ప్రింటరులో మర్నాడు ఆఫీసులో ఒక పూటంతా అచ్చు తీశాను. కట్ట చంకన పెట్టుకుని మళ్ళీ కొండెక్కి, కళ్ళంలో పరిచి అంచుల మీద రాళ్ళు పెట్టాం. కాగితం ఒక కొస దగ్గర గెడ్డ, రెండో కొస దగ్గర చక్రం. మధ్యలో దిగుతూ పోయే ఒక గీత.

"పనసకాయని నిలువునా కోసి పక్కనుంచి చూస్తే లోపలంతా కనిపిస్తుంది కదా బుద్రమ్మా. ఇది మీ కొండని అలా కోసిన బొమ్మ," అన్నాను.

ఆమెకి రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. చీర కాస్త పైకి దోపుకుని కాగితం మీద అడుగు పెట్టింది. గీత పక్కనే మెల్లిగా నడుస్తూ తన దారి తాను చెప్పుకుంది. "ఇది గెడ్డ నోరు. ఇది పెద్ద బండ. ఇది సుక్రు సామల సేను. ఇది జీలుగు సెట్టు..." ఏడో దిమ్మె దగ్గర ఆగింది. వంగి చూసింది. బొటనవేలితో ఆ చోటు నొక్కింది.

"ఇక్కడ గొయ్యి ఎవుడు తవ్వినాడు?"

"గొయ్యేంటి?" అన్నాను.

"నీ గీత కిందకి దిగి మళ్ళా పైకెక్కతంది, సూడు. రోజూ కుండ నెత్తినెట్టుకుని నడిసే తోవ నాది. గొయ్యుంటే నా కాలికి తెలవదేటి?"

మేమిద్దరం వంగాం. నిజమే. ఏడో దిమ్మె దగ్గర గీత జారిపోయి, ఎనిమిదో దిమ్మె దాకా నాలుగు మీటర్లు ఎక్కుతోంది. మేడమ్ చెయ్యి చాచారు, నేను నోటు పుస్తకం ఇచ్చాను. అందులో ఏడో దిమ్మె ఎత్తు సముద్రమట్టం నుంచి ఎనిమిది వందల అరవై మూడు మీటర్లు. రాతల అచ్చులో ఎనిమిది వందల ముప్పై ఆరు. దాని పక్కన నక్షత్రం తరవాత మాటలు మేడమ్ అందరికీ వినపడేలా చదివారు. "సుక్రు పట్టుకున్నాడు. రమణ చూశాడు. నేను రాశాను."

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నా లోపల ఒక చిన్న డప్పు మోగింది. పొద్దున్న తొమ్మిది, మధ్యాహ్నం పదకొండు అని ఏడాదిగా ఆఫీసులో నన్ను ఏడిపించిన మనిషి దొరికిపోయింది! ఆ డప్పు రెండో దెబ్బ వేసేలోపలే మేడమ్ ఊరివైపు తిరిగి, "తప్పు నాదే. రెండంకెలు తారుమారుగా టైపు చేశాను. ఎన్నోసార్లు పైకి చదివాను కూడా, కనబడలేదు," అని నవ్వేశారు. నాకిక మోగించడానికి ఏమీ మిగల్చలేదు.

"అయితే ఇప్పుడేటి?" అంది బుద్రి.

"ఇప్పుడు నీళ్ళు వదలం అప్పా," అన్నారు మేడమ్. ఆ మాటతో ఆవిడ కూడా బుద్రిని అప్ప అనడం మొదలైంది.

దిగి వచ్చే దారిలో నేను మాట కలపడానికి, "మొత్తానికి బొమ్మే గెలిచింది మేడమ్," అన్నాను.

"గెలుపేటయ్యా, ఇదేమైనా కోడిపందెమా? నీ బొమ్మ దొంగ ఉన్నాడని చూపించింది. నా రాత దొంగ పేరు చెప్పింది. ఆ పేరు లేకపోతే నువ్వూ నేనూ సుక్రూ ఈపాటికి ఒకళ్ళ జుట్టు ఒకళ్ళం పట్టుకుని ఉందుం." పది అడుగులు వేసి మళ్ళీ అన్నారు. "ఇంకోటి గమనించావా? తప్పు పట్టుకున్నది బొమ్మా కాదు, రాతా కాదు. కాలు."

ఆఫీసుకి వచ్చి ఆ ఒక్క అంకె సరిచేసి లెక్క నడిపాం. ఇద్దరికీ నవ్వు పోయింది. ఏడో దిమ్మె నిజమైన ఎత్తులో ఉంటే, ఎనిమిది సెకండ్లలో వాల్వు కట్టిన తరవాత ఎగదన్నిన నీరు వెనక్కి గుంజుకున్నప్పుడు ఆ మలుపు దగ్గర గొట్టంలో ఏమీ మిగలదు. పాల ప్యాకెట్టుని నోటితో పీలిస్తే ఎలా ముడుచుకుంటుందో అలా ఆ పల్చటి ఇనుము నలిగిపోతుంది. కింద బుద్రి పొయ్యి. వాల్వు ఇరవై సెకండ్లు మెల్లిగా కట్టాలని, ఏడో దిమ్మె మీద గాలి పీల్చుకునే కవాటం ఒకటి పెట్టాలని తేలింది.

పైకి ఉత్తరం రాయాలి. నేను చిత్తుప్రతిలో 'టైపు దోషం జరిగినది' అని రాసి ఇచ్చాను. మేడమ్ పెన్నుతో కొట్టేశారు. "జరిగినది అంటే ఎవరు చేశారయ్యా? వానా?" అని, తన చేత్తో 'అంకె నేను తప్పు టైపు చేశాను, గెడ్డపుట్టు నివాసి బుద్రి చూపించింది, నీళ్ళు వదలడం ఆపుతున్నాను' అని రాసి సంతకం పెట్టారు. జవాబుగా ఒక మెమో వచ్చింది. సంజాయిషీ అడుగుతూ, అంత అనుభవం ఉన్నవారి నుంచి ఇది ఆశించలేదంటూ. మేడమ్ దాన్ని రెండుసార్లు చదివి, "నేను కూడా ఆశించలేదు," అని ఫైల్లో పెట్టేశారు. అయితే ఆ రోజు జంతికలు ముట్టలేదు. ఆవిడకి అది చిన్న విషయం కాదని నాకు అప్పుడు తెలిసింది. పెద్దలు మాత్రం ఇక రామన్నారు. వాళ్ళ కోసం తెచ్చిన దండలు సుక్రు మేకలు తిని మూడు రోజులు సువాసనగా తిరిగాయి. ఇది మీరు కోతలో వేసుకోవచ్చు.

కవాటం బిగించాక, దండలూ పెద్దలూ లేకుండా, ఒక ఎండ పొద్దున నీళ్ళు వదిలాం. కింద చక్రం దగ్గర వాల్వు పిడి నా చేతిలో. మేడమ్ నా పక్కన ఉంటారనుకున్నాను. ఆవిడ గొడుగు పుచ్చుకుని పైకి నడిచి, ఏడో దిమ్మె దగ్గర, గొట్టానికి చెయ్యి ఆనించి నిలబడ్డారు. పక్కన బుద్రి, ఇనుముకి చెవి ఆనించి. గొట్టం నలిగితే అది మొదట తెలిసేది ఆ ఇద్దరికే. లెక్క సరైనదని నాకు తెలుసు, అయినా పిడిని రెండు చేతులతో పట్టుకున్నాను. పైనుంచి గొడుగు ఊగింది. నేను ఒకటి, రెండు, మూడు అని అరుస్తూ వాల్వు కట్టడం మొదలుపెట్టాను. ఇరవై సెకండ్లు అంత పొడుగ్గా ఉంటాయని ఏ సాఫ్ట్‌వేరూ నాకు చెప్పలేదు. ఇరవై అనగానే పైనుంచి 'సుయ్య్...' మని ఒక చప్పుడు. వాల్వు వదిలేసి కొండెక్కాను. జీవితంలో మొదటిసారి మేడమ్ జంతికలు తీసేలోపల పైకి చేరాను.

"ఏటైంది? ఏటైంది?" అంటున్నాను.

బుద్రి చెవి తియ్యకుండానే చెప్పింది. "ఊపిరి పీల్సింది బాబూ. కొండెక్కినోడి లాగ. నీ లాగ."

మేడమ్ దిమ్మె మీద కూలబడి గట్టిగా నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అద్దాలు కాదు, కళ్ళు. మళ్ళీ వాల్వు తెరిచి చక్రం తిప్పితే, బుద్రి ఇంట్లో వేలాడుతున్న బల్బు వెలిగింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆమె గుమ్మంలోంచి తొంగి చూసి, "పట్టపగలు దీపమేటి? ఆర్పండి బేగి," అంది.

మేడమ్ తరవాత కొన్నేళ్ళకి రిటైరై బొబ్బిలి వెళ్ళిపోయారు. ఇప్పుడు లేరు. ఆవిడ చేయించిన పనులు ఎన్నో ఉన్నాయి, చెప్పుకుంటే నా కోతలతో కలిపి పుస్తకమవుతుంది. ఇప్పుడు కుర్రాళ్ళు వచ్చి, "సార్, బొమ్మల పద్ధతిలో చెయ్యమంటారా, స్క్రిప్టు రాయమంటారా?" అని అడుగుతారు. స్క్రిప్టంటే మేడమ్ రాతలే. స్క్రిప్టు రాయండి, బొమ్మ గీసి పట్టుకెళ్ళండి అంటాను. ఇంకా కొంచెం చేస్తాను. నా దగ్గరికి వచ్చే ప్రతి స్క్రిప్టులో మొట్టమొదటి వరసగా, నక్షత్రం పెట్టి ఒక మాట రాయిస్తాను. 'ఈ దారిన నడిచే మనిషి దీన్ని ఇంకా చూడలేదు.' మిషను దాన్ని చదవదు. ఊళ్ళో చూపించి వచ్చి అది చెరిపే దాకా నేను సంతకం పెట్టను.

మొన్న రాజవొమ్మంగి వైపు ఒక చిన్న పథకానికి మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక స్క్రిప్టు పంపింది. ముత్యాల్లాంటి పని. ప్రతి అంకె పక్కనా పేరుంది, బొమ్మలో ఎక్కడా వంక లేదు. మొదటి వరస మాత్రం అలాగే ఉంది. ఫోను చేశాను.

"సార్, ఊళ్ళో అందరికీ ఫోన్లున్నాయి. బొమ్మ పంపించేస్తే చాలదా?"

"ఫోను మీద నిలబడి నడవలేరు తల్లీ. కాగితం మీద అచ్చు తియ్యి."

కాస్త విసుక్కున్నట్టే ఉంది, విసుక్కోనీ. పొద్దున్న మొదటి బస్సుకి పొడుగాటి కాగితం చుట్ట చంకన పెట్టుకుని వెళ్ళిందట. ఫైలు నా బల్ల మీదే ఉంది. పెన్ను మూత నేనింకా తియ్యలేదు.